టర్బో నూనెకు తిరుగు దారి



బళ్ళారి నుంచి అటు హొసపేటకు, సండూరుకు, ఇటు గుంతకల్లుకు, ఆదోనికి పోయే దారుల మీద రాత్రనక పగలనక లారీలు తిరుగుతూనే ఉంటాయి. 1953లో ఈ జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలోను, బళ్ళారిని మైసూరు రాష్ట్రంలోను కలిపారు. పటం మీద గీత పడింది గాని, బండ్లకు ఆ గీత అడ్డం రాలేదు. మన గ్యారేజీ షెడ్లలో ఒకరు కన్నడంలో అడుగుతారు, ఇంకొకరు తెలుగులో జవాబు చెబుతారు. పానా పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే. అలాంటి ఒక షెడ్డులో నేను నేర్చుకున్న పాఠాన్ని ఈ రోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. నేను మెకానిక్కును కాను, బడిలో సైన్సు చెప్పే వాణ్ణి. అయినా ఆ పాఠం మన ఎనిమిదో తరగతి సైన్సుకు మించినదేమీ కాదు. ఆ చిన్న సంగతి తెలియక ఒక కుటుంబం బండిని అమ్ముకొనే దాకా వెళ్ళింది. అందుకే దాన్ని పదిమందికీ చెప్పాలనిపించింది.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, మా బడిలో చదివే ఒక అబ్బాయి తండ్రి మా ఇంటికి వచ్చారు. ఆయన సొంత లారీ తానే నడుపుకొనే మనిషి. సిమెంటో, ధాన్యమో, ఏ బాడుగ దొరికితే ఆ బాడుగకు వెళతారు. ఆయన చేతిలో మడతలు పడిన ఒక కాగితం, దాని మీద నూనె మరకలు ఉన్నాయి. "సార్, ఇది కొంచెం చదివి చెప్పండి. మూడో టర్బో డబ్బాలో వచ్చింది. ముందు రెండు డబ్బాల్లోనూ ఇట్లాంటి కాగితమే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కదా అని పారేసినాము" అన్నారు.

సంగతేమిటని అడిగాను. బండితో వచ్చిన టర్బో చాలా ఏళ్ళు బాగానే పనిచేసి అరిగిపోయిందట. దారిలో ఒకచోట దాన్ని మార్పించారు. పది రోజులు తిరగకముందే సైలెన్సరు నుంచి నీలం పొగ రావడం మొదలైంది. ఇంజను నూనె తగ్గిపోతోంది. గాలి పైపు విప్పితే లోపలంతా నూనె. సామాను నకిలీదని చెబితే నమ్మి, అప్పు చేసి, ఈసారి అసలు సరుకు కొని వేయించారు. మూడు వారాలకు మళ్ళీ అదే పొగ. ఇప్పుడు మూడోది కొన్నారు గాని ఇంకా బిగించలేదు. "రెండు కిస్తీలు బాకీ పడినాయి సార్. ఇది కూడా పోతే బండి ఫైనాన్సు వాళ్ళకు అప్పగించడమే" అన్నప్పుడు ఆయన గొంతు మారింది.

ఆ కాగితం తీసుకొని ఇద్దరం ఒక మేస్త్రి షెడ్డుకు వెళ్ళాం. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్ల పని చేస్తున్న పెద్దాయన. కన్నడం ఆయన ఇంటి మాట, తెలుగు బజారు మాట. "మేష్ట్రే, మీరు చదువుతా పోండి, నేను చెయ్యి పెట్టి చూస్తా" అన్నారు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులోను, అవసరమైన చోట కన్నడంలోను చెబుతుంటే ఆయన బండి కిందికి దూరి ఒక్కొక్కటే చూస్తూ వచ్చారు. నాలుగో వాక్యం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఆ వాక్యం టర్బో గురించి కాదు, టర్బో నుంచి నూనె కిందికి దిగే పైపు గురించి.

ఇక్కడ కాసేపు ఆగి, అసలు ఈ టర్బో ఏమిటో, దానికి నూనె ఎందుకో చూద్దాం. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో విజయవంతంగా నడిపి చూపించాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే, 1905లో, ఆల్ఫ్రెడ్ బ్యూహీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు ఒక ఆలోచన చేశాడు. ఇంజను బయటికి వదిలే పొగలో ఇంకా ఎంతో వేడి, వేగం మిగిలి ఉన్నాయి కదా, దాన్ని ఊరికే గాలిలో కలపడం ఎందుకు? ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే షాఫ్టు రెండో కొసన ఇంకో చక్రాన్ని పెడితే, అది బయటి గాలిని అదిమి ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిలును సక్రమంగా మండించవచ్చు. అంతే ఇంజనుకు బలం పెరుగుతుంది. మన లారీల్లో టర్బో చేసే పని ఇదే.

రెండు చక్రాలనూ కలిపే ఆ షాఫ్టు మన చిటికెన వేలంత లావు ఉంటుంది. బండి బరువు లాగేటప్పుడు అది నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. ఒక పక్క చక్రానికి తగిలే పొగ వేడి ఆరు వందల డిగ్రీల సెంటీగ్రేడు దాకా, ఒక్కోసారి ఆపైన కూడా ఉంటుంది. అంత వేగం, అంత వేడి తట్టుకోవాలంటే షాఫ్టు ఇనుముకు ఇనుము రాసుకోకూడదు. పల్చని నూనె పొర మీద తేలుతూ తిరగాలి. ఆ నూనె ఇంజను పంపు నుంచి సన్నని గొట్టం ద్వారా ఒత్తిడితో వస్తుంది, బుష్షులను తడుపుతుంది, వేడిని తనతో తీసుకొని బయటికి పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నూనె లోపలికి రావడం పంపు బలం వల్ల. మరి బయటికి పోవడం దేనివల్ల? చాలామంది అదే పంపు తోస్తుందనుకుంటారు. అది నిజం కాదు. బుష్షుల సందుల్లోంచి చిమ్మిన క్షణానే నూనెలో ఉన్న ఒత్తిడంతా పోతుంది. అక్కడి నుంచి అది భూమి ఆకర్షణ వల్ల, తన బరువుతో తాను కిందికి జారవలసిందే. మన ఇంట్లో చూడండి. కుళాయి గొట్టం అరంగుళం ఉంటుంది. అదే నీరు బయటికి పోయే తూము గొట్టం మూడంగుళాలో నాలుగంగుళాలో ఉంటుంది. లోపలికి వచ్చే నీటి వెనుక ఒత్తిడి ఉంది, బయటికి పోయే నీటి వెనుక ఏమీ లేదు. అందుకే దానికి వెడల్పయిన దారి, వాలు కావాలి. టర్బోకు వచ్చే పైపు సన్నగా, పోయే పైపు లావుగా ఉండడానికి కారణం ఇదే.

ఇంకొక సంగతి కూడా ఉంది. లక్ష చుట్లు తిరిగే షాఫ్టు దగ్గర నూనె చల్ల చిలికినట్టు నురుగు కడుతుంది. దానిలో గాలీ, కొద్దిగా పొగా కలుస్తాయి. నురుగుకు నూనె కంటే ఎక్కువ చోటు కావాలి. అది నూనె అంత సులువుగా జారదు కూడా. కాబట్టి తిరుగు పైపు నిండుగా పారకూడదు. కింది సగంలో నూనె దిగుతుంటే పై సగం గాలికి ఖాళీగా ఉండాలి.

ఆ పైపు ఎలా పోవాలో కాగితంలో స్పష్టంగా రాశారు. వీలైనంత నిటారుగా కిందికి దిగాలి. తాపీ మేస్త్రి తూకం గుండు వేలాడదీస్తే దారం ఎలా నిలుస్తుందో అలా ఉంటే అన్నిటికంటే మంచిది. తప్పనిసరి అయితే ఆ దారం నుంచి 35 డిగ్రీలకు మించి పక్కకు వాలకూడదు. మధ్యలో ఎక్కడా మళ్ళీ పైకి లేవకూడదు, కిందికి సంచిలా వేలాడకూడదు, నొక్కుకుపోకూడదు. చివర ఛాంబర్లోనో ఇంజను బ్లాకులోనో, నిలిచి ఉన్న నూనె మట్టానికి పైన కలవాలి. అంతేకాక క్రాంకు విసిరే నూనె నేరుగా ఆ రంధ్రం మీద పడని చోట కలవాలి.

మన లారీలో మేస్త్రికి కనబడింది ఇది. మొదటిసారి టర్బో మార్చినప్పుడు పాత ఇనుప పైపు విరిగిందో, పోయిందో, దాని చోట ఒక రబ్బరు హోసు తగిలించారు. అది రేడియేటరు నీళ్ళకు వాడే రకం. కొంచెం పొడుగెక్కువై, మధ్యలో ఊయలలా వంగింది. చేతులు కడుక్కునే బేసిను కింద గొట్టాన్ని కావాలనే వంచుతారు. ఆ వంపులో నీళ్ళు నిలిచి, తూము వాసన పైకి రాకుండా అడ్డుకోవడానికి. అక్కడ మేలు చేసే వంపు ఇక్కడ కీడు చేస్తుంది. నూనె ఆ వంపులో నిలిచి దారి మూసేస్తుంది. ఆపైన, నీళ్ళ హోసు రబ్బరు వేడి నూనెకు తట్టుకోదు. మేస్త్రి దాన్ని కోసి చూపించారు. లోపలి పొర ఉబ్బి, మెత్తబడి, రంధ్రం సగానికి సగం పూడిపోయింది. టర్బో అడుగున ప్యాకింగు చోట పేస్టు దండిగా పూశారు. బోల్టులు బిగించినప్పుడు అది లోపలికి పొంగి, అక్కడే గట్టిపడింది. కాగితంలో ఆ చోట పేస్టు వాడవద్దని విడిగా రాసి ఉంది.

దారి మూసుకుపోతే నూనె సీళ్ళు దాటి ఎలా పోతుంది? టర్బోలో చాలావరకు మనం అనుకునే రబ్బరు సీళ్ళు ఉండవు. అంత వేడికి రబ్బరు నిలవదు. పిస్టన్ రింగుల్లాంటి చిన్న ఇనుప రింగులుంటాయి. చక్రాల వైపు ఉన్న గాలి, పొగ ఒత్తిడి లోపలికి దూరకుండా ఆపడం వాటి ముఖ్యమైన పని. నూనె తొందరగా దిగిపోతుంటే అవి చాలు. నూనె దిగక గది నిండితే ఆ రింగులు దాన్ని ఆపలేవు. అప్పుడు ఒక వైపు గాలి పైపులోకి, ఇంకో వైపు సైలెన్సరులోకి నూనె పోతుంది. తూము పూడిన స్నానాల గదిలో నీళ్ళు గడప దాటినట్టే. గడపను మార్చి ఏం లాభం?

మేస్త్రి వెంటనే రెండో టర్బోను కిరసనాయిలుతో కడిగి, షాఫ్టును వేళ్ళతో కదిపి చూశారు. చక్రం గోడకు ఎక్కడా రాసుకోలేదు. మామూలుగా ఉండవలసిన కొద్దిపాటి కదలిక తప్ప అదనపు వదులు లేదు. "ఇది చెడిపోలేదప్పా, దీన్ని ఊరికే నిందించినారు" అన్నారు. ఆ మాట విని ఆ తండ్రి నేల మీదే కూర్చుండిపోయారు. కొలతకు సరిపోయే అసలు ఇనుప పైపు తెప్పించి, పేస్టు గీకి, కొత్త ప్యాకింగు రంధ్రానికి రంధ్రం సరిగ్గా కుదిరేలా పెట్టి, అదే రెండో టర్బోను బిగించారు. మూడో టర్బో బిగించకుండానే దుకాణానికి తిరిగి వెళ్ళింది. ఆ బండి ఈ రోజుకూ అదే టర్బోతో తిరుగుతోంది.

తిరుగు పైపు బాగున్నా నూనె దిగకపోవడానికి ఇంకొక కారణం ఉంటుంది. అది ఇంజను కింది గదిలో పెరిగే గాలి ఒత్తిడి. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత పొగ ఎప్పుడూ కిందికి జారుతుంటుంది. అది బయటికి పోవడానికే బ్రీదరు పైపు ఉంది. బ్రీదరు మట్టితో, జిడ్డుతో పూడిపోతే, లేక ఇంజను అరిగి పొగ ఎక్కువైతే, ఆ ఒత్తిడి తిరుగు పైపులోకి ఎదురు తంతుంది. దీనికి పెద్ద ఒత్తిడి అక్కరలేదు. ఒక జానెడు, అంటే 20 సెంటీమీటర్ల ఎత్తున్న నూనె తన బరువుతో తోసే బలం, లారీ టైరులో వంద పౌండ్ల గాలి ఉంటే అందులో సుమారు నాలుగు వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే. అంత చిన్న ఎదురు ఒత్తిడి చాలు, నూనె దిగడం ఆగిపోవడానికి. అందుకే టర్బో నూనె కక్కుతోందంటే ముందు బ్రీదరు విప్పి శుభ్రం చేయించండి. ఇంజను ఐడిల్లో ఉండగా నూనె పోసే మూత తీస్తే పొగ బుసలు కొడుతూ వస్తోందా చూడండి. అలా వస్తుంటే రోగం పిస్టన్ల దగ్గరే ఉండవచ్చు.

ఇంజను తలపై రాకర్లకు పోయే నూనె కూడా ఇలాగే తన బరువుతోనే కిందికి దిగుతుంది. హెడ్డులోను, బ్లాకులోను దానికి రంధ్రాలుంటాయి. నూనె సకాలంలో మార్చకపోతే జిడ్డు పేరుకొని ఆ రంధ్రాలు పూడతాయి. పైన నూనె నిలిచి వాల్వు గైడుల వెంట లోపలికి దిగి కాలుతుంది. నూనె ఎక్కువ పోసినా కీడే. క్రాంకు ఆ నూనెను చిలికి నురుగు చేస్తుంది, మట్టం పెరిగి తిరుగు పైపు నోరు మునుగుతుంది. కాబట్టి బండిని సమతలం మీద నిలిపి, ఇంజను ఆపిన పది నిమిషాల తర్వాత గేజీ పుల్ల తీసి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. "కొంచెం ఎక్కువుంటే మంచిదిలే" అనేది ఇక్కడ చెల్లదు.

గాలి ఫిల్టరు సంగతి కూడా మరువకండి. ఎర్ర దుమ్ము లేచే మన దారుల్లో అది తొందరగా పూడుతుంది. గాలి అందని చక్రం, ఎండిపోయిన స్ట్రా పీల్చినట్టు, షాఫ్టు పక్క నుంచి నూనెను పీల్చుకుంటుంది. గంటల తరబడి ఐడిల్లో నడపడం వల్ల కూడా నూనె జారవచ్చు. ఎందుకంటే అప్పుడు చక్రాల వైపు ఒత్తిడి చాలక రింగులకు ఆసరా తగ్గుతుంది. అలాగని ఘాటు ఎక్కి వచ్చిన బండిని ఆపిన వెంటనే తాళం తిప్పకండి. పంపు ఆగిపోతే వేడెక్కిన టర్బోలో మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు పేరుకొని తిరుగు దారినే మూసేస్తుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపండి, అంత చాలు.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే పోయేది డబ్బే కాదు. డీజిలు ఇంజనుకు స్పార్కు అక్కరలేదు. గాలి పైపులో, ఇంటర్‌కూలరులో చేరిన నూనెను ఇంజను పీల్చుకుంటే అదే ఇంధనమవుతుంది. అప్పుడు తాళం తిప్పినా ఇంజను ఆగదు. తాళం డీజిలును ఆపుతుంది గాని నూనెను ఆపలేదు. ఇంజను అరుస్తూ వేగం పెంచుకుంటూ పోయి ముక్కలవుతుంది. అలా మొదలైన తొలి క్షణాల్లో, నిలిచి ఉన్న బండి అయితే, పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్చు వదిలితే ఇంజను అణగి ఆగే అవకాశం ఉంది. గాలి లోపలికి పోయే నోరు గట్టి పలకతో మూసినా ఆగుతుంది. చేత్తో మాత్రం మూయకండి, చెయ్యి పోతుంది. వేగం చెయ్యి దాటిందనిపిస్తే దూరంగా వెళ్ళండి, మనుషులను దూరంగా పంపండి. అందుకే టర్బో నూనె కక్కినప్పుడు దాన్ని బాగు చేయడంతో సరిపెట్టక, గాలి పైపులనూ ఇంటర్‌కూలరునూ విప్పి కడిగించాకే ఇంజను స్టార్టు చేయాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంకో నష్టం కూడా ఉంది. కాలిన నూనె బూడిద సైలెన్సరులోని ఫిల్టరును పూడుస్తుంది. దాని ఖర్చు టర్బో ఖర్చుకు తోడవుతుంది.

కాబట్టి లారీ గాని, ట్రాక్టరు గాని, బోరు బండి కంప్రెసరు గాని, టర్బో మార్పించే ముందు మీ మేస్త్రిని ఇవి అడగండి. తిరుగు పైపు అసలుదేనా? తప్పక హోసే వాడవలసి వస్తే అది వేడి నూనెకు తట్టుకొనే రకమేనా? పైపును విప్పి, గరాటుతో పైనుంచి నూనె పోస్తే ఆగకుండా దిగుతోందా? దారంతా కిందికే ఉందా? ప్యాకింగు రంధ్రం కుదిరిందా, పేస్టు లేదు కదా? బ్రీదరు శుభ్రంగా ఉందా? కొత్త టర్బోలో ముందుగా నూనె పోశారా? స్టార్టు కాకుండా ఇంజనును కాసేపు తిప్పి, నూనె అక్కడిదాకా చేరిందని చూసుకున్నారా? ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

చివరిగా ఒక మాట. ఆ మేస్త్రికి నాకంటే వంద రెట్లు ఇంజను తెలుసు. ఆ తండ్రికి తన బండి గుండె చప్పుడు తెలుసు. వాళ్ళిద్దరికీ, ఆ కాగితానికీ మధ్య అడ్డం ఒక భాష మాత్రమే. మన ఇళ్ళలో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ అబ్బాయి పదో తరగతి. ఆ కాగితం వాళ్ళింట్లోనే, వాడి పుస్తకాల గూటి పక్కనే ఉందట. నాన్న అడగలేదు, వాడు చూడలేదు. ఇకమీదట మోటారు గాని, మందు డబ్బా గాని, టర్బో గాని ఇంటికి వచ్చినప్పుడు, అందులోని కాగితం పిల్లల చేతికివ్వండి. బిగ్గరగా చదివి, మన మాటల్లో చెప్పమనండి. వాళ్ళ చదువు అక్కరకొస్తుంది, మీ కష్టం నిలుస్తుంది.